సేవాసంస్థలు, సామాజిక మాధ్యమములు: ఊరు పేరు గల మాట

హైదరాబాదు నగరములో చార్మినారునుండి పడమటికి సాగు వీథిని లాడ్ బజారు అందురు. చార్మినారు 1591లో కట్టబడినది. దాని నీడన పెరిగిన ఈ బజారు లక్కగాజులకు ప్రసిద్ధి. మోదుగ, రేగు మొదలైన చెట్ల కొమ్మలపై లక్కపురుగులు స్రవించు జిగురే లక్క. దానిని నిప్పుపై కరగించి, కడ్డీగా సాగదీసి, వలయముగా వంచి, వేడి ఆరకముందే రాళ్ళను ఒక్కొక్కటిగా అద్దుదురు.

ఇట్టి బజారులలో సరకుతోపాటు మాటకూడ చేతులు మారును. ఎవరి సరకు మంచిది, ఎవరి ఇంట ఆపద వచ్చినది, ఎవరికి సాయము కావలెను అను సంగతులు నోటినుండి నోటికి పోవును. ఈ పద్ధతిలో ఒక లోపమున్నది: మాట వీథి దాటుటకు చాల కాలము పట్టును. ఒక గుణముకూడ ఉన్నది: మాట చెప్పినవారెవరో విన్నవారికి తెలియును. అది అబద్ధమైనచో మరునాడు వారి వాకిటనే నిలదీయవచ్చును. లాభాపేక్షలేని సేవాసంస్థలు తమ మాటను జనులకు చేర్చుటకు ఏ సాధనము చేపట్టినను, ఆ లోపము తీరినదా, ఆ గుణము నిలిచినదా అను రెండు ప్రశ్నలు వేసి చూడవలెను.

1906లో ఈ నగరముననే కొమర్రాజు లక్ష్మణరావుగారును, వారి మిత్రులును విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించిరి. చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుగులో సామాన్యులకు అందించుట వారి ఆశయము. నాడు వారికి దొరికిన సాధనములు అచ్చుయంత్రము, తపాలా. పేరు నమోదు చేసికొన్న చందాదారులకు తక్కువ వెలకు పుస్తకములు పంపెడివారు. మాట వీథిని దాటి దూరపు ఊళ్ళకు పోయినది. అయినను ప్రతి పుస్తకముపైన ప్రకటించినవారి పేరు ఉండెను.

ఒక శతాబ్దము గడచుసరికి సాధనములు మారినవి. 2004లో ఫేస్‌బుక్‌, 2005లో యూట్యూబు, 2006లో ట్విట్టరు, 2009లో వాట్సాపు వచ్చినవి. ట్విట్టరు పేరు 2023లో ఎక్స్‌ అని మారినది. పత్రికకును వీటికిని ఉన్న భేదమేమి? పత్రికను ఒకరు ప్రకటింపగా పలువురు చదువుదురు. ఇక్కడ చదివిన ప్రతివాడును మరల ప్రకటించువాడే. ఒకడు ముగ్గురికి చెప్పి, ఆ ముగ్గురిలో ప్రతివాడును మరి ముగ్గురికి చెప్పినచో, పదవ మెట్టున 59,049 మందికి ఆ మాట చేరును.

ఈ లెక్క ఎంత బలమైనదో 2014లో వెల్లడియైనది. ఏ.ఎల్‌.ఎస్‌. అను వ్యాధిలో కండరములను కదలించు నాడీకణములు క్రమముగా నశించును. అమెరికాలో ఆ రోగులకొరకు పనిచేయు సంఘమునకు సాయముగా ఒక పందెము వ్యాపించినది. మంచునీటి బకెట్టును నెత్తిన కుమ్మరించుకొని, దానిని చిత్రించి, మరి కొందరిని పేరు పెట్టి సవాలు చేయవలెను, లేదా విరాళమీయవలెను. చాలమంది రెండును చేసిరి. ఆ వేసవిలో కొద్దివారములలోనే ఆ సంఘమునకు సుమారు 11.5 కోట్ల డాలర్లు చేరినవి. అందులో కొంత పరిశోధనకు వినియోగింపబడినది. ఈ వ్యాధితో సంబంధమున్న నెక్‌–1 అను జన్యువును 2016లో గుర్తించిన పరిశోధనకు ఆ ధనము తోడ్పడినది. పందెము వేడుకగా కనబడినను, వెనుక లెక్కలు వ్రాసి, ధనమును పరిశోధనశాలకు చేర్చు సంఘమొకటి ఉండుటవలననే ఫలితము కలిగినది.

అదే సంవత్సరము ఆగస్టులో హైదరాబాదునందలి పత్రికారచయిత్రి మంజులతా కళానిధి ఈ పందెమును మన దేశమునకు తగినట్లు మార్చిరి. నీటికి కటకటపడు చోట నీటిని కుమ్మరించుట ఏల? ఒక బకెట్టు బియ్యమును ఇరుగుపొరుగున ఉన్న పేదవారికి ఇచ్చి, ఆ చిత్రమును ఫేస్‌బుక్‌లో ఉంచి, మిత్రులనుకూడ అట్లు చేయుమని కోరవలెను. ఈ బియ్యపు బకెట్టు పందెము కొద్దిదినములలోనే దేశవిదేశములకు ప్రాకినది. ఇందులో మధ్యవర్తి లేడు. బియ్యము చేతినుండి చేతికే పోయినది. అందువలన పని సులభమైనది. అయితే ఎవరికెంత ముట్టినదో లెక్కచెప్పు కార్యాలయమును లేదు. ఇచ్చువాడు పుచ్చుకొనువానిని స్వయముగా ఎరుగుటయే అక్కడి హామీ.

మాట వేగముగా వ్యాపించుట మేలుకే కాదు, కీడుకుకూడ ఉపకరించును. దీనిని ఎదుర్కొన్న సంస్థ ప్రజ్వల. పాతబస్తీలోని మెహబూబ్‌ కీ మెహందీ అను పేటలో వ్యభిచారగృహములను ఖాళీచేయించినప్పుడు, నిలువనీడ కోల్పోయిన తల్లుల బిడ్డలకొరకు 1996లో సునీతా కృష్ణన్‌, బ్రదర్‌ జోస్‌ వెట్టికాటిల్‌ బడి ప్రారంభించిరి. ప్రజ్వల పని అచ్చటనే మొదలైనది. 2015 నాటికి ఈ సంస్థకు క్రొత్త కష్టము ఎదురైనది. కొందరు దుర్మార్గులు స్త్రీలపై అత్యాచారము చేసి, దానిని తామే చిత్రించి వాట్సాపులో పంచుచుండిరి. అట్టి వీడియోలు ప్రజ్వలకు చేరినవి. ఫిబ్రవరిలో సునీతా కృష్ణన్‌ బాధితుల ముఖములను మరుగుపరచి, దుర్మార్గుల ముఖములు మాత్రము కనబడునట్లు యూట్యూబులో ఉంచి, వీరిని గుర్తింపుడని ప్రజలను కోరిరి. పిమ్మట ఆమె కారుపై రాళ్ళదాడి జరిగినది.

ఇది సరియైన మార్గమేనా? ముఖము మరుగుపరచినను బాధితురాలిని ఎరిగినవారు పోల్చుకొనవచ్చును. నేరమును నిర్ణయించుట న్యాయస్థానము పనిగాని జనసమూహము పనికాదు. ఈ ఆక్షేపణలు తేలికగా త్రోసివేయదగినవి కావు. ప్రజ్వల యూట్యూబుతో ఆగలేదు. ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ వ్రాసి, వీడియోలను జతపరచినది. కోర్టు ఆ లేఖనే వ్యాజ్యముగా స్వీకరించి, సి.బి.ఐ. దర్యాప్తునకు ఆదేశించినది. తరువాత గూగుల్‌, ఫేస్‌బుక్‌, వాట్సాపు మొదలైన సంస్థలుకూడ కోర్టు ఎదుట సమాధానము చెప్పవలసివచ్చినది. 2017లో కోర్టు ఒక నిపుణుల సంఘమును నియమించినది. 2018 సెప్టెంబరులో ఇట్టి నేరములపై ప్రజలు ఫిర్యాదు చేయుటకు కేంద్రప్రభుత్వము ప్రత్యేకమైన వెబ్‌సైటును తెరచినది.

ఒకసారి తొలగించిన వీడియో మరల తలయెత్తకుండ చేయుట ఎట్లు? కంప్యూటరుకు ఏ చిత్రమైనను అంకెల వరుసయే. ఆ వరుసనుండి గణితముచే ఒక చిన్న గుర్తును తీయవచ్చును. దీనిని హ్యాష్‌ అందురు. మనిషికి వ్రేలిముద్ర వంటిది చిత్రమునకు హ్యాష్‌. నిషిద్ధచిత్రముల హ్యాష్‌లను భద్రపరచి, క్రొత్తగా వచ్చు ప్రతి చిత్రముతో పోల్చినచో, మనిషి చూడనక్కరలేకయే పాతదానిని పట్టవచ్చును. సాధారణమైన హ్యాష్‌ చిత్రములో ఏ కొంచెము మార్పు జరిగినను పూర్తిగా మారిపోవును. కనుక చిన్న మార్పులకు లొంగని పద్ధతి కావలసివచ్చినది. 2009లో మైక్రోసాఫ్ట్‌ సంస్థయు, హనీ ఫరీద్‌ అను శాస్త్రజ్ఞుడును కలిసి రూపొందించిన ఫోటోడీఎన్‌ఏ అట్టిది.

చార్మినారునకు దక్షిణమున చాంద్రాయణగుట్టలో 2018 మే నెలలో మరియొక విపత్తు జరిగినది. పిల్లలను ఎత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వదంతి వాట్సాపులో వ్యాపించియున్న దినములవి. యాచనకు వచ్చిన హిజ్రాలపై గుంపు పడగా ఒకరు ప్రాణము కోల్పోయిరి. ఆ వార్తను మొదట పంపినవారెవరో పంచినవారికి తెలియదు. ఆ సంవత్సరము జూలైలో వాట్సాపు భారతదేశములో ఒక సందేశమును ఒకేసారి అయిదింటికి మించి పంపరాదని పరిమితి పెట్టినది. అదే కాలమున జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి గ్రామగ్రామమునకు పోలీసులను, జానపద కళాకారులను పంపి, వదంతులను నమ్మవద్దని పాటలతో చెప్పించిరి. మీటలు నొక్కినంతలో వచ్చిన భయమును పోగొట్టుటకు, ముఖాముఖిగా చెప్పు తెలిసినమనిషి కావలసివచ్చెను.

ఈ సంఘటనలన్నింటిని పోల్చి చూచినచో ఒక సంగతి బోధపడును. సామాజిక మాధ్యమము సేవాసంస్థకు వినువారిని సమకూర్చును. నమ్మకమును మాత్రము సమకూర్పజాలదు. ఏ.ఎల్‌.ఎస్‌. సంఘమునకు నమ్మకము లెక్కల పుస్తకమువలన, ప్రజ్వలకు ఏండ్లతరబడి చేసిన పనివలన వచ్చినది. కావున విరాళము కోరు సందేశము చేతికి వచ్చినప్పుడు విద్యార్థులు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. పంపినవారెవరు? వారి కార్యాలయమెక్కడ? సొమ్ము లెక్క ఎవరికి చూపుదురు? సమాధానము దొరకనిదే దానిని ఇతరులకు పంపరాదు.

లాడ్ బజారు గాజుల విషయములోకూడ ఇట్టి ప్రశ్నయే తలయెత్తినది. చేతిపనికి, నకిలీకి భేదము కొనువారికి తెలియుట ఎట్లు? చేతిపనివారి సంక్షేమసంఘమొకటి 2022లో దరఖాస్తు చేయగా, 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది. గాజు ఎంత దూరము పోయినను, అది ఏ ఊరిదో చెప్పు అధికారమైన గుర్తు ఇప్పుడు దానికున్నది. సేవాసంస్థలు పంపు ప్రతి మాటకును అట్టి గుర్తు ఉండవలెను.