సంగటి ముద్ద నుండి స్టోరు బియ్యం దాకా

ప్రత్యేక సంచికకు ఆరోగ్యం గురించి ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరినపుడు, వైద్యం నా విషయం కాదని చెప్పి చూశాను. అయినా వదలలేదు. రెవిన్యూ శాఖలో పనిచేసినవాడికి ఒక సౌకర్యం ఉన్నది. ఊరి జనం ఏమి తింటున్నారో వంటింట్లోకి తొంగి చూడనక్కర లేకుండా అడంగల్లోనే చూడవచ్చును. చేలో ఏ పైరు ఉంటే ఆ యేడు గాదెలో ఆ గింజే ఉండేది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే రైలుదారి మీది ఊళ్ళు. ఈ మూడు ఊళ్ళ చుట్టుపక్కల తిండి ఎట్లా మారుతూ వచ్చిందో నాకు తెలిసినంత వ్రాస్తున్నాను.

1882లో బళ్ళారి జిల్లాను చీల్చి అనంతపురం జిల్లా చేశారు. 2022 ఏప్రిల్ 4 నుండి ఈ మూడు ఊళ్ళూ శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. జిల్లా పేరు మారినా వాన మారలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అది కూడా నమ్మకం లేనిది. వరి చెరువుల కిందనే. ధర్మవరం చెరువు, బుక్కపట్నం చెరువు నిండిన యేడు అన్నం, లేని యేడు మెట్ట గింజలు. హిందూపురం, మడకశిర వైపు రాగి, ధర్మవరం వైపు జొన్న, కొర్ర. రాగి మధ్య సాళ్ళలో అనప, కంది, అలసంద వేసేవారు. ముద్దలోకి పప్పు కూడా ఆ చేలోనే పండేదన్న మాట. హిందూపురం వైపు చలికాలంలో అనపగింజలు నానబెట్టి, తోలు పితికి చేసే పితికిపప్పు రుచి తెలిసినవారికి చెప్పనక్కర లేదు.

ఇది కొత్త తిండి కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, వరితో పాటు జొన్న, ఉలవ, పెసర వంటి గింజలు సామాన్య జనానికి ఆహారమని, అవి చాలా చవుకగా దొరికేవని వ్రాశాడు. 1565 యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు వచ్చింది. అప్పటికి మన ఊరుబిండి ఉండి ఉంటుందా అని ఎవరైనా అడిగితే సందేహమే. మిరపకాయ, చెనక్కాయ రెండూ అమెరికా ఖండం నుండి వచ్చినవి. ఇవాళ ఆ రెండూ లేని సీమ భోజనాన్ని ఊహించుకోలేము. కాబట్టి పూర్వీకుల తిండి అంటూ ఏ ఒక్క కాలాన్నీ పట్టుకొని వ్రేలాడటం నాకు నచ్చదు. తిండి ఎప్పుడూ మారుతూనే ఉన్నది. ఎవరి అవసరం కొద్దీ మారింది, ఒంటికి ఏమి చేసింది అన్నదే చూడవలసిన సంగతి.

1876-78 ధాతు కరువులో ఈ తాలూకాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలీకి రోజుకు ఒక పౌను, అంటే 450 గ్రాముల గింజల ధర, ఆ పైన ఉప్పు పులుసులకు అర్ధణా చాలునన్నాడు. మద్రాసు ప్రభుత్వంలో శానిటరీ కమిషనరుగా ఉన్న డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. మట్టి మోసే మనిషికి ఒకటిన్నర పౌను గింజలు కావాలని, ఉత్త గింజలే కాక పప్పు, కూరగాయలు కూడా ఉండాలని వాదించాడు. కొన్ని నెలలకే కూలి పెంచక తప్పలేదు. అప్పటికి పోయిన ప్రాణాలు పోయాయి. కడుపు నిండటం వేరు, ఒంటికి చాలటం వేరు అన్న మాట ఈ దేశంలో ప్రభుత్వ కాగితాల మీద అంత స్పష్టంగా వచ్చినది అప్పుడే అని నా అభిప్రాయం.

1952 కరువులో నెహ్రూ గారు రాయలసీమకు వచ్చారు. సైన్యం బావులు త్రవ్వింది, గంజి కేంద్రాలు పెట్టారు. మా అమ్మ ఆ గంజి సంగతి చెబుతూ, ఆకలికి రుచి తెలియదు నాయనా అనేది.

అసలు మార్పు తర్వాత వచ్చింది. ఎర్ర నేలల్లో చెనక్కాయ పంట పాకుతూ పోయింది. తొంభైలు, రెండు వేల నాటికి అనంతపురం జిల్లాలో అది 7 లక్షల హెక్టార్లు దాటింది. అడంగల్లో రాగి, కొర్ర, సామ, ఆరిక అని వ్రాసే చోట వరుసగా ఒకే మాట వ్రాసుకుంటూ పోయిన రోజులు నాకు గుర్తున్నాయి. నూటికి పాతిక పాళ్ళు మాంసకృత్తులున్న గింజను పండించి, దాన్ని నూనె మిల్లుకు తోలి, వచ్చిన డబ్బుతో బియ్యం కొనుక్కున్నాము. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. 1985 నుండి ఆయన హిందూపురం శాసనసభ్యులు కూడా. స్టోరు ముందు వరుసలో నిలబడిన ముఖాలు చూసినవాడిని గనుక ఆ పథకాన్ని తప్పు పట్టలేను. పండుగనాడు తప్ప అన్నం ఎరుగని ఇళ్ళలో రోజూ తెల్లన్నం ఉడికింది. దానితో పాటు సంగటి పేదవాడి తిండి అన్న చిన్నచూపు పెరిగింది. పెళ్ళిచూపులకు వచ్చినవారికి ముద్ద పెట్టేందుకు సిగ్గుపడ్డారు.

ఒంటికి ఏమైనదో చెప్పేందుకు కొన్ని లెక్కలు చాలు. 1918లో కూనూరులో మెకారిసన్ గారి బెరిబెరి పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదు చేరి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా ఉన్న సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. మరపట్టిన బియ్యంలో పది మిల్లీగ్రాముల చుట్టుపక్కలే. మోకాళ్ళ నొప్పుల వయసులో ఉన్న మనకు ఈ తేడా చిన్నది కాదు. అలాగని ఒకే గింజను నమ్ముకోకూడదు. జొన్నే ప్రధానాహారమైన పేద ఇళ్ళలో పెల్లాగ్రా అనే చర్మవ్యాధి వచ్చేది. దాన్ని గురించి అదే సంస్థకు చెందిన గోపాలన్, శ్రీకంఠయ్య గారలు 1960లో వ్రాశారు. జొన్నరొట్టెతో పప్పు, ఆకుకూర, మజ్జిగ ఉన్న ఇంట్లో ఆ భయం తక్కువ.

ఇక త్రాగే నీరు. మన బోర్లలో చాలా చోట్ల ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పండ్లపై మరకలు, బాగా ఎక్కువైతే ఎముకలు బిగుసుకుపోవటం. తెలుగునాట దీన్ని మొదట 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. 1995లో శ్రీ సత్యసాయి త్రాగునీటి పథకం అనంతపురం జిల్లాలో వందలాది గ్రామాలకు కొళాయి నీళ్ళు తెచ్చింది. మా తరం చేతబావుల నీళ్ళు త్రాగి పెరిగినది. బావులు ఎండి, బోర్లు లోతుకు పోయిన కొద్దీ ఫ్లోరైడు బాధ పెరిగింది. ఇందులో హిందూపురానికి సంబంధించిన చిత్రమైన విషయం ఒకటి ఉన్నది. ఆ ఊరి మార్కెట్టు చింతపండుకు పేరు. 2002లో పోషకాహార సంస్థవారు కొందరు బాలురకు రోజుకు 10 గ్రాముల చింతపండు భోజనంతో ఇచ్చి చూడగా, మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయింది. చారుకు ఈ గుణం ఉన్నదని మన పెద్దలు కనిపెట్టారని నేను అనను. పుల్లగా ఉంటే ముద్ద గొంతు దిగుతుందని పోసుకున్నారు, అంతే. చారు ఉన్నది గదా అని నీటి పరీక్ష మానుకోవటం మాత్రం తెలివితక్కువ.

ధర్మవరం సంగతి వేరు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి ప్రొద్దుగూకే దాకా కూర్చునే పని. ఉదయం వగ్గాణి, మిరపకాయ బజ్జీ, తర్వాత టీ, మళ్ళీ టీ. గ్లాసుకు రెండు చెంచాలంటే పది గ్రాముల చక్కెర. ఐదు గ్లాసులకు 50 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన పరిమితి దాదాపు అదే, 25 గ్రాములకు తగ్గిస్తే మరీ మంచిదన్నారు. పింఛనుదారులం కూడా కుర్చీ వదలని వారమే గనుక నేతగాండ్ర మీద జాలిపడి ఊరుకుంటే కుదరదు. 2023లో వెలువడిన అఖిల భారత సర్వే దేశంలో చక్కెర వ్యాధి గలవారు 10 కోట్ల పైచిలుకు అని తేల్చింది.

చక్కెర వ్యాధికి రాగి మందు అనుకునేవారు మనలో చాలామంది. మెత్తటి పిండితో పలుచని జావ కాచి త్రాగితే అది కూడా రక్తంలో చక్కెరను తొందరగానే పెంచుతుంది. ముద్దగా, పరిమితంగా, ఆకుకూర పప్పుతోనో ఉలవచారుతోనో తినటం మేలు. మూత్రపిండాల బాధ ఉన్నవారు డాక్టరు గారిని అడగకుండా తిండి మార్చరాదు. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు అంటారు. మన ఊరగాయ జాడీ ఆ లెక్కను ఒప్పుకోదు. మా ఇంట్లో ఊరగాయ ఆదివారానికి పరిమితం చేశాము. ఈ విషయంలో మనవరాలి పహరా ఆడిట్ పార్టీ కంటే కఠినం.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ యేడే రాయలసీమలో స్టోరు బియ్యంలో కొంత బదులు రాగులు ఇవ్వటం మొదలుపెట్టారు. ఇటీవల హిందూపురం బజారులో కొర్రల ధర అడిగాను. సన్నబియ్యం కంటే ఎక్కువ చెప్పాడు. పావుకిలో కట్టించుకొని వచ్చాను. కొర్రన్నం వండటం మా కోడలికి తెలియదు. ఎసరు ఎంత పెట్టాలో మా ఆవిడ చెప్పింది.