తలుపులు తెరిచిన తీరం: స్కాట్లాండ్ దీవుల్లో విస్కీ యాత్రల చరిత్ర

స్కాట్లాండ్ పడమటి తీరానికి ఆవల ఉన్న ఐలా దీవి జనాభా 3,000 పైచిలుకు. అక్కడ నడుస్తున్న విస్కీ డిస్టిలరీలు పది దాకా ఉన్నాయి. ఏటా మే నెలాఖరున దీవి ఉత్సవం జరిగే రోజుల్లో ఫెర్రీలో చోటు దొరకడం కష్టం. బసలు చాలా ముందే నిండిపోతాయి. నలభై ఏళ్ల కిందట ఇదే దీవిలో బట్టీలు ఒకదాని తర్వాత ఒకటి చల్లారిపోయాయి. ఈ రెండు దృశ్యాల మధ్య జరిగిందేమిటి? తీరపు విస్కీ చరిత్రను సాధారణంగా సుంకాల చరిత్రగా, కంపెనీల చరిత్రగా చెబుతారు. నాకు అది తలుపుల చరిత్రగా కనిపిస్తుంది. బయటి మనిషిని ఎప్పుడు, ఎందుకు లోపలికి రానిచ్చారో గమనిస్తే ఈ పరిశ్రమ ఎదుగుదల, పతనం, మళ్లీ లేచి నిలబడటం మూడూ అర్థమవుతాయి.

దాచుకున్న కాలం

స్కాట్లాండ్‌లో ధాన్యపు సారాకు దొరికే తొలి లిఖిత ఆధారం 1494 నాటి రాజుగారి ఖజానా లెక్కల్లో ఉంది. జాన్ కోర్ అనే క్రైస్తవ సన్యాసికి సారా తీయడానికి మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన గింజ) ఇచ్చినట్టు అందులో రాశారు. దీవుల్లో అయితే అది ఇంటింటి పని. బార్లీ పండుతుంది, నీటికి కొదవ లేదు, చలి ఎక్కువ. మిగిలిన గింజను సారాగా మారిస్తే పాడవదు, అమ్ముకుంటే పొలం కౌలు కట్టవచ్చు.

దీవులకు వెళ్లిన తొలి యాత్రికులు ఈ సంగతిని గుర్తించారు. స్కై దీవివాడైన మార్టిన్ మార్టిన్ పడమటి దీవుల గురించి 1703లో వేసిన పుస్తకంలో, లూయిస్ దీవిలో మూడుసార్లు, నాలుగుసార్లు బట్టీ పట్టి తీసే ఘాటైన సారా గురించి రాశాడు. 1772లో ఐలా చూసిన థామస్ పెనెంట్, అక్కడి బార్లీలో రొట్టెగా తినేదానికన్నా విస్కీగా తాగేదే ఎక్కువని బాధపడ్డాడు. మరుసటి ఏడాది దీవుల్లో తిరిగిన శామ్యూల్ జాన్సన్, పొద్దున్నే ఒక గుక్క విస్కీ పుచ్చుకోవడం అక్కడి మగవాళ్ల అలవాటని నమోదు చేశాడు.

వీళ్లు అతిథులు కాబట్టి ఇళ్లవాళ్లు దాచలేదు. దాచింది సుంకం వసూలు చేసేవాళ్ల నుంచి. స్కాట్లాండ్ పార్లమెంటు 1644లో సారా మీద సుంకం వేసింది. ఆ తర్వాత చట్టాలు బిగుసుకున్న కొద్దీ చిన్న బట్టీలు గుహల్లోకి, మనుషులు తిరగని కోనల్లోకి వెళ్లాయి. పడవ మీద తప్ప చేరలేని తీరం దొంగచాటు పనికి అనువైనది. ఇప్పటి విస్కీ యాత్రల్లో మనం అందమని చూసే ఒంటరితనమే ఆనాడు వాళ్లకు రక్షణ.

సముద్రమే రహదారి

1823 నాటి ఎక్సైజు చట్టం పరిస్థితిని మార్చింది. ఏటా 10 పౌండ్ల లైసెన్సు రుసుము, భరించగలిగే సుంకం పెట్టడంతో చట్టబద్ధంగా నడపడం లాభసాటి అయింది. ఐలాలో బొమోర్ తన పుట్టుకను 1779గా చెప్పుకుంటుంది. దక్షిణ తీరాన లాఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్ 1815ను, లాగవూలిన్ 1816ను ప్రారంభ సంవత్సరాలుగా చూపుతాయి. స్కై దీవిలో మెకాస్కిల్ సోదరులు టాలిస్కర్‌ను 1830లో నెలకొల్పారు. పడమటి తీరంలోని ఓబన్‌లో 1794లో వెలసిన డిస్టిలరీ చుట్టూ ఊరే పెరిగింది.

ఇవన్నీ నీటి ఒడ్డునే ఎందుకున్నాయి? రోడ్లు సరిగా లేని రోజుల్లో బరువైన సరుకు పడవ మీదే కదిలేది. ఆవిరితో నడిచే చిన్న సరుకు పడవలు బార్లీ, బొగ్గు, ఖాళీ పీపాలు తెచ్చి దించి, నిండు పీపాలు ఎక్కించుకుని గ్లాస్గో వైపు వెళ్లేవి. సముద్రం వైపు ఉన్న తెల్లటి గోడల మీద డిస్టిలరీ పేరు పెద్ద నల్లటి అక్షరాల్లో కనిపించేది నావికుల కోసం. ఇప్పుడు ఫెర్రీ నుంచి అందరూ ఫోటో తీసుకునేది ఆ గోడలనే.

రుచి కూడా నేల నుంచే వచ్చింది. మన ఇళ్లలో రాగులు నానబెట్టి మొలకెత్తించినట్టే అక్కడ బార్లీని మొలకెత్తించి, మొలక ముదరకముందే వేడితో ఆరబెడతారు. దీవుల్లో చెట్లు తక్కువ, పీట్ నేలలు ఎక్కువ. వేల ఏళ్లుగా నాచు, గడ్డి పూర్తిగా కుళ్లకుండా తడిలో పేరుకున్నదే పీట్. దాన్ని ముక్కలుగా కోసి ఎండబెట్టి పొయ్యిలో వేస్తే వచ్చే పొగ గింజకు పడుతుంది, బట్టీ దాటి విస్కీలోనూ నిలుస్తుంది. ఐలా విస్కీకి పేరు తెచ్చిన మందుల వాసనలాంటి ఘాటు ఆ పొగదే.

తొలి డిస్టిలరీ యాత్రికుడు

డిస్టిలరీలను చూడటమే పనిగా పెట్టుకున్న మొదటి ప్రసిద్ధ యాత్రికుడు ఆల్ఫ్రెడ్ బర్నార్డ్. లండన్‌లో మద్యం వ్యాపారుల వారపత్రిక ‘హార్పర్స్ వీక్లీ గెజెట్’ కార్యదర్శి. 1885లో మొదలుపెట్టి బ్రిటన్, ఐర్లాండ్‌లలో 160కి పైగా డిస్టిలరీలు చూసి, 1887లో పుస్తకం వేశాడు. రైలు, స్టీమరు, గుర్రపు బండి ఆయన వాహనాలు. బట్టీల కొలతలు, ఏడాది ఉత్పత్తి ఎంత శ్రద్ధగా రాశాడో, దారిలో కనిపించిన కొండలూ కోటలూ అంతే ఇష్టంగా రాశాడు.

ఐలాలో ఆయన చూసినవి 9. కింటైర్ ద్వీపకల్పం కొసన ఉన్న క్యాంప్‌బెల్‌టౌన్ అనే ఒక్క చిన్న రేవు ఊళ్లో 21. పని జరుగుతుండగా లోపలికి వెళ్లి, అడిగి తెలుసుకుని, దారితో కలిపి చెప్పడం ఆయన పద్ధతి. ఇప్పటి విస్కీ యాత్రలు ఆ నమూనాలోనే సాగుతున్నాయి. ఆయన వెళ్లకపోతే మూతపడ్డ అనేక డిస్టిలరీల గురించి మనకు పేరు మించి తెలిసేది కాదు.

తాళాల శతాబ్దం

ఆ 21 డిస్టిలరీల ఊళ్లో 1930ల మధ్యకు మిగిలినవి స్ప్రింగ్‌బ్యాంక్, గ్లెన్ స్కోషియా రెండే. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం, ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం, వేర్వేరు డిస్టిలరీల విస్కీలను కలిపి అమ్మే బ్లెండింగ్ వ్యాపారులు రైలు సౌకర్యం ఉన్న స్పేసైడ్ ప్రాంతపు విస్కీల వైపు మొగ్గడం కలిసి ఊరిని దెబ్బతీశాయి. నిన్నటి రహదారి అయిన సముద్రం రైలు ముందు అడ్డంకిగా మారింది.

బతికిన డిస్టిలరీలూ బయటివాళ్లను పిలిచే స్థితిలో లేవు. సుంకం కట్టని సరుకున్న గిడ్డంగికి రెండు తాళాలు వేసేవారు. ఒకటి యజమానిది, ఒకటి ఎక్సైజు అధికారిది. ఆ అధికారి డిస్టిలరీ దగ్గరే కాపురం ఉండేవాడు. పైగా అక్కడి విస్కీలో ఎక్కువ భాగం బ్లెండ్లలో కలిసిపోయేది. సీసా మీద పేరే లేని డిస్టిలరీని వెతుక్కుంటూ ఎవరొస్తారు? మన ఊళ్ల దుకాణాల్లో కనిపించే జానీ వాకర్‌లోని పొగ వాసనకు ఐలాలోని కల్ ఈలా డిస్టిలరీ ఒక మూలం. ఆ సంగతి తాగేవారిలో ఎంతమందికి తెలుసు?

1980ల మొదట్లో విస్కీ నిల్వలు అవసరానికి మించి పేరుకున్నాయి. ఆర్డ్‌బెగ్ 1981లో ఆగింది. 1983లో డిస్టిలర్స్ కంపెనీ అనే పెద్ద సంస్థ తన డిస్టిలరీలలో అనేకాన్ని ఒకేసారి మూసేసింది. ఐలాలోని పోర్ట్ ఎలెన్ వాటిలో ఒకటి. చిన్న దీవిలో డిస్టిలరీ మూతపడితే ఉద్యోగాలతో పాటు బడిలో పిల్లల సంఖ్య, దుకాణంలో బేరం, పడవ రాకపోకలు అన్నీ తగ్గుతాయి.

యాత్రికుడు నిలబెట్టిన పని

స్పేసైడ్‌లో గ్లెన్‌ఫిడిచ్ 1969లో సందర్శకులకు తలుపులు తెరిచి దారి చూపింది. 1983లో డిస్టిలరీల్లో ఎక్సైజు అధికారుల కాపురం ముగిసింది. 1988లో ‘క్లాసిక్ మాల్ట్స్’ పేరుతో ఆరు విస్కీలను కలిపి ప్రచారం చేసినప్పుడు లాగవూలిన్, టాలిస్కర్, ఓబన్ అనే మూడు తీరపు పేర్లు ప్రపంచానికి పరిచయమయ్యాయి. పేరు తెలిశాక ఊరు చూడాలనిపించడం సహజం.

1994లో లాఫ్రోయిగ్ తన అభిమానులకు ఒక్కో చదరపు అడుగు నేలను జీవితకాలపు కౌలుకు ఇచ్చే పథకం పెట్టింది. వాళ్లు దీవికి వస్తే నేల అద్దె కింద ఒక గుక్క విస్కీ చెల్లిస్తుంది. 1997లో గ్లెన్‌మోరాంజీ కంపెనీ కొని మళ్లీ నడిపిన ఆర్డ్‌బెగ్‌లో మాల్ట్ ఆరబెట్టే పాత భవనం భోజనశాలగా మారింది. మూతపడ్డ మరో ఐలా డిస్టిలరీ బ్రుక్‌లాడీ 2001లో తిరిగి మొదలైంది. గేలిక్ భాషను, పాటను నిలుపుకోవడానికి 1980ల్లో పుట్టిన ‘ఫేష్ ఈలా’ ఉత్సవంలోకి డిస్టిలరీలు తర్వాత వచ్చి చేరాయి. ఇప్పుడు వారమంతా రోజుకో డిస్టిలరీ పండగ.

కొత్త డిస్టిలరీలు సందర్శకులను దృష్టిలో పెట్టుకునే పుట్టాయి. అరాన్ దీవిలో లోక్‌రాన్జా 1995లో, ఐలాలో పొలం మధ్య కిల్‌హోమన్ 2005లో మొదలయ్యాయి. హ్యారిస్ దీవిలో 2015లో తెరిచిన డిస్టిలరీ అక్కడ ఉపాధి కల్పించడమే ధ్యేయమంది. విస్కీ పీపాల్లో ఉండగా సముద్రపు నాచుతో చేసిన జిన్ అమ్మి నిలదొక్కుకుని, తొలి విస్కీని 2023లో విడుదల చేసింది. రాసే దీవి 2017లో ఈ వరసలో చేరింది. 2024లో పోర్ట్ ఎలెన్ మళ్లీ వెలిగింది. స్కాట్లాండ్ డిస్టిలరీలకు వచ్చే సందర్శనలు 2018లో 20 లక్షలు దాటాయి.

ఈ యాత్రలను కేవలం అమ్మకపు ఎత్తుగడగా చూడటం నాకు సమ్మతం కాదు. బొమోర్, లాఫ్రోయిగ్ నేటికీ కొంత బార్లీని నేల మీద పరిచి, పారతో తిరగేస్తూ మొలకెత్తిస్తాయి. స్ప్రింగ్‌బ్యాంక్ తనకు కావలసినదంతా అలాగే చేసుకుంటుంది. యంత్రంతో చౌకగా అయ్యే పనిని చేతితో చేయడానికి రుచి ఒక కారణమైతే, ఆ పనిని కళ్లారా చూడటానికి దూరం నుంచి వచ్చే జనం రెండో కారణమని నా నమ్మకం.

ఎలా చూడాలి

గ్లాస్గో నుంచి రోడ్డు మీద కెన్నాక్రెయిగ్ రేవుకు, అక్కడి నుంచి రెండు గంటలకు పైగా ఫెర్రీలో ఐలాకు చేరవచ్చు. పోర్ట్ ఎలెన్ ఊరి నుంచి లాఫ్రోయిగ్, లాగవూలిన్, ఆర్డ్‌బెగ్‌లను కలుపుతూ ఐదు కిలోమీటర్ల చిల్లర కాలిబాట ఉంది. నడకే మేలు. స్కాట్లాండ్‌లో 2014 డిసెంబరు నుంచి డ్రైవర్ల రక్తంలో మద్యం పరిమితి 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాములే. బండి నడిపేవారికి చాలాచోట్ల వాళ్ల వాటా విస్కీని చిన్న సీసాలో పోసి ఇస్తారు. ఐలా నుంచి అయిదు నిమిషాల ఫెర్రీ దాటితే జూరా. అక్కడి డిస్టిలరీని ఊరికి ఉపాధి కోసం 1963లో పునరుద్ధరించారు.

జనం పెరిగిన కొద్దీ భారమూ పెరిగింది. ఫెర్రీ రద్దయితే రోగి ఆసుపత్రి ప్రయాణం, రైతు సరుకు ఆగిపోతాయి. ఇళ్లు పర్యాటక బసలుగా మారితే డిస్టిలరీలో పనిచేసే కుర్రవాడికి అద్దె ఇల్లు దొరకదు. ఐలాను పాలించే ఆర్గైల్ అండ్ బ్యూట్ కౌన్సిల్ 2023లో గృహవసతి అత్యవసర పరిస్థితి ప్రకటించింది. కార్బన్‌ను పట్టి ఉంచే పీట్ నేల ఒకసారి తవ్వితే మన జీవితకాలంలో తిరిగి ఏర్పడదు. యాత్రికుడు ఒక పూట చూసి వెళ్లకుండా దీవిలో రెండు మూడు రాత్రులు ఉండి, ఊరి దుకాణంలో కొని, ఊరివాళ్ల ప్రయాణాలకు అడ్డు రాని రోజుల్లో వస్తే కొంత మేలు చేసినట్టే. మిగతాది కంపెనీల, ప్రభుత్వాల వంతు. ఈ రాబడిలో తగిన భాగం పనివాళ్ల ఇళ్లకు, ఫెర్రీలకు, పీట్ నేలల సంరక్షణకు చేరాలి. దీవిలో మనుషులు కాపురం ఉండగలిగితేనే ఆ బట్టీలు ఇంకో తరం మండుతాయి.