మందులు చాలని చోట వైద్యము

తెలుగు యువతీయువకులు వైద్యులై పరదేశములకు పోవుట నేడు సాధారణ విషయము. శతాబ్దమునకు పూర్వము ఇందుకు విపరీతముగా, పరదేశములనుండి వైద్యులు మన పల్లెలకు వచ్చెడివారు. వారిలో కాథరీనా షెల్లెన్‌బర్గ్ ఒకరు. ఈమె 1870లో దక్షిణ రష్యాలో జన్మించి, 1879లో కుటుంబముతో అమెరికా చేరెను. అచ్చట వైద్యవిద్య ముగించి, 1907లో మెన్నొనైట్ బ్రెదరన్ అను క్రైస్తవ మిషను పక్షమున హైదరాబాదు రాజ్యమునకు వచ్చెను. నాగర్‌కర్నూలులోను, తరువాత శంషాబాదులోను వైద్యము చేసి, 1945 జనవరి 1న శంషాబాదులోనే మరణించెను.

ఆమె వచ్చిన ప్రాంతమెట్టిది? నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల 2016 నుండి వేర్వేరు జిల్లాలకు కేంద్రములు. ఆనాడు నాగర్‌కర్నూలు నిజాము పాలనలోని మహబూబ్‌నగరు జిల్లాలోనిది. వనపర్తి, గద్వాల సంస్థానములకు ముఖ్యపట్టణములు. కృష్ణా తుంగభద్రలు చేరువనే పారుచున్నను, పల్లెలు చెరువులను, బావులను, వానను నమ్ముకొని బ్రతికెడివి.

హైదరాబాదు నగరమునకు నూతన వైద్యశాస్త్రము అపరిచితము కాదు. 1846లోనే అచ్చట వైద్యపాఠశాల వెలసెను. 1888, 1889 సంవత్సరములలో క్లోరోఫారమును పరీక్షించుటకు రెండు సంఘములు పనిచేసెను. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగునని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులోనే కనుగొనెను. కాని ఒక సత్యము ప్రయోగశాలలో తేలుట వేరు, పల్లెలోని రోగికి దానివలన మేలు కలుగుట వేరు. ఈ రెంటి నడుమ దూరమును పరదేశమునుండి వచ్చిన వైద్యుడు ప్రతిదినము ఎదుర్కొనవలసి యుండెను.

నాటి వైద్యుని మందుల పెట్టెలో ఏమున్నవి? మలేరియాకు క్వినైను, మశూచి రాకుండ టీకా, శస్త్రచికిత్సకు క్లోరోఫారము, పుండ్లు కడుగుటకు కార్బాలికామ్లము. సూక్ష్మజీవులను శరీరములోనే అణచగల సల్ఫా మందులు 1935లో గాని వెలువడలేదు. పెన్సిలిన్ విస్తారముగా తయారగుట రెండవ ప్రపంచయుద్ధకాలమున. అనగా షెల్లెన్‌బర్గ్ వైద్యసేవలో అధికభాగము ఈ మందులు లేని కాలముననే గడచెను. నేడు కొన్ని దినములలో నయమగు న్యుమోనియా నాడు ప్రాణములు తీసెడిది. వైద్యుడు చేయగలిగినది పరిచర్య చేయుట, కనిపెట్టుకొని యుండుట మాత్రమే.

మందుల కొరత యొక్కటే చిక్కు కాదు. ప్రభుత్వ భాష ఉర్దూ, రోగి భాష తెలుగు. "వేడి చేసినది" అని రోగి చెప్పినచో, ఆ మాటకు అమెరికా వైద్యగ్రంథములలో అర్థము దొరకదు. "అమ్మవారు పోసినది" అనగా మశూచి అని తెలియవలెను. అంతేకాదు, అది దేవత రాకయని తలచు ఇంటివారు బిడ్డను ఆసుపత్రికి తీసికొనిరారనియు తెలియవలెను. స్త్రీలు పురుష వైద్యునికి దేహము చూపుటకు జంకెడివారు గనుక వైద్యురాలి అవసరము మిక్కుటముగా ఉండెను. కాన్పులు మంత్రసానుల చేతిలో ఉండెడివి. చేతులు శుభ్రముగా కడుగుకొనుట వలన బాలింత జ్వరము తగ్గునని సెమ్మెల్‌వైస్ 1847లోనే నిరూపించెను. కత్తిని, దారమును మరగబెట్టిన నీటిలో ఉంచుటకు ఖరీదైన యంత్రము లేవియు అక్కరలేదు. కుండ, కట్టెలు చాలును. మందులు చాలని చోట శుభ్రతయే పెద్ద మందు. కాని దానిని మంత్రసాని చేత ఒప్పించుటకు ఆమె గౌరవము చెడని రీతిని, ఆమె భాషలో మాటాడవలెను.

ఆసుపత్రి శక్తికి హద్దు ఎచ్చట నున్నదో నారికురుపు తెలుపును. ఈ వ్యాధి తెలుగు పల్లెలను చిరకాలము పీడించెను. దిగుడుబావిలోనికి దిగి నీరు ముంచుకొను రోగి కాలి పుండునుండి పురుగు పిల్లలు నీటిలో పడును. సైక్లాప్స్ అను నీటిప్రాణి వానిని మ్రింగును. ఆ నీరు త్రాగినవాని దేహమున సుమారు సంవత్సరమునకు మూర పొడవును మించిన నారిపురుగు చర్మమును చీల్చుకొని వెలువడును. సైక్లాప్స్ పాత్రను రష్యా శాస్త్రజ్ఞుడు ఫెద్చెంకో 1870 ప్రాంతమున కనుగొనెను. పురుగును పుల్లకు చుట్టి దినమునకు కొంచెము చొప్పున లాగుట పల్లెవారి ప్రాచీన చికిత్స. పట్టభద్రుడైన వైద్యుడును అదియే చేసి, పుండు చీము పట్టకుండ కాపాడవలసినదే. నేటికిని దీనికి మందు లేదు, టీకా లేదు. ఎందరికి కట్టు కట్టినను, బావి మారనంతవరకు మరుసటి యేడు మరల అంతమంది వచ్చెదరు.

చివరకు దీనిని జయించినది నీటిని గుడ్డతో వడపోయుట, దిగుడుబావులను మార్చుట, పల్లెపల్లెకు తిరిగి రోగులను గుర్తించుట. దేశమున చివరి రోగి 1996లో కనబడెను. 2000లో భారతదేశము నారికురుపు లేని దేశమని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించెను.

2022లో నాగర్‌కర్నూలు, వనపర్తి పట్టణములలోను, 2024లో గద్వాలలోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. అచ్చట చదివినవారిలో కొందరు సముద్రములు దాటి, మందులు చాలని ఏ ఆఫ్రికా పల్లె ఆసుపత్రిలోనో నిలువవచ్చును. వారు అచ్చట మొదట అడుగవలసిన ప్రశ్నలు రెండు: రోగి తన బాధను ఏ మాటతో చెప్పుచున్నాడు? అతడు త్రాగు నీరు ఎచ్చటిది?