అషుర్‌బనిపాల్

అస్సీరియా సామ్రాజ్యపు చివరి మహారాజుగా పేరొందినవాడు, ఎసర్‌హద్దోన్ కుమారుడు. క్రీ.పూ. 669లో నినెవెలో (నేటి ఇరాక్‌లోని మోసుల్ వద్ద) గద్దెనెక్కాడు. బాబిలోన్‌ను ఏలుతున్న అన్న షమష్‌షుముకిన్ క్రీ.పూ. 652లో తిరగబడితే నాలుగేళ్ళు పోరాడి అణచాడు. తర్వాత పొరుగు రాజ్యం ఏలాంలోని సూసా నగరాన్ని నేలమట్టం చేశాడు. ఒక శిల్పఫలకంలో రాజు తోటలో రాణితో విందారగిస్తుంటే, పక్కనే చెట్టుకు ఏలాం రాజు త్యూమ్మన్ తల వేలాడుతుంటుంది. ఇంత కర్కోటకుడికీ చదువంటే పిచ్చి! సింహాలను వేటాడే శిల్పాల్లోనూ నడుముకు గంటం దోపుకునే ఉంటాడు. బాబిలోనియా నుంచి మట్టిపలకలు తెప్పించి, నకళ్ళు రాయించి గ్రంథాలయం పెంచాడు. క్రీ.పూ. 612లో శత్రువులు నినెవెను తగలబెట్టినప్పుడు చాలా పలకలు కాలి మరింత గట్టిపడ్డాయి. 19వ శతాబ్దపు తవ్వకాల్లో దొరికిన దాదాపు 30,000 పలకలు, ముక్కలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ప్రాచీన మెసొపొటేమియా ఇతిహాసం గిల్గమేష్ గాథ మళ్ళీ వెలుగు చూసింది వీటిలోంచే.