ద్రాక్షాసవము – చలువ కథ

ఎర్రని ద్రాక్షాసవాన్ని గది వేడిమిలోనూ, తెల్లనిదాన్ని చల్లగానూ వడ్డించాలని పుస్తకాలలో వ్రాస్తారు. ఆ గది ఏ దేశపుదో మాత్రం సాధారణంగా వ్రాయరు. ఫ్రెంచి భాషలో ‘షాంబ్ర్’ అంటే గది. దానినుండి పుట్టిన ‘షాంబ్రే’ అనే మాటకు గది వేడిమికి తేబడినది అని అర్థం. నేలమాళిగ చలిలో పడివున్న సీసాను భోజనానికి కొన్ని గంటల ముందు పైకి తెచ్చి నిలిపేవారు. ఇల్లంతటినీ వెచ్చబెట్టే ఏర్పాట్లు లేని ఆనాటి గదిలో వేడిమి 16 – 18 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండేది. ఆ మాటను యథాతథంగా తెచ్చి వైశాఖమాసపు బెజవాడ గదికి అన్వయిస్తే అది అన్వయదోషమే అవుతుంది.

ఎందుకంటే, ఆసవం వెచ్చనైన కొద్దీ అందులోని ఆల్కహాలు ఘాటు ముక్కుకెక్కి పరిమళాన్ని కప్పివేస్తుంది. మరీ చల్లనైతే పరిమళమే పైకి రాదు. ఎర్రనిదానిలో ద్రాక్షతోలు, గింజలనుండి దిగిన టానిన్ల వగరు నాలుకను పట్టేస్తుంది. అందుచేతనే గాఢమైన ఎర్రని రకాలకు 16 – 18, తేలికపాటి ఎర్రనివాటికి 12 – 14, తెల్లనివాటికి 8 – 12 డిగ్రీలని లెక్క ఏర్పడింది. నురుగులు కక్కే షాంపేను వంటివి 6 – 8 డిగ్రీలలో ఉంటేనే వాయువు ఒక్కసారిగా పోక నిలుస్తుంది. మద్యం ముట్టని నన్ను ఈ అంకెలకంటే, శీతలయంత్రాలు లేని రోజులలో ఆ చలువను మనుషులు ఎలా సంపాదించారన్నదే ఎక్కువగా ఆకర్షించింది.

క్రీ.పూ. ఆరవ శతాబ్ది చివర ఏథెన్సు కుమ్మరులు ‘సిక్టర్’ అనే పాత్రను చేశారు. పుట్టగొడుగు ఆకారంలో ఉండే ఆ పాత్రలో ఆసవం పోసి, చన్నీళ్ళో మంచో నింపిన పెద్ద గంగాళంలో నిలిపేవారు. రోమనులు కొండలనుండి మంచు తెప్పించి గోతులలో గడ్డి కప్పి వేసవిదాకా దాచుకున్నారు. ఊరక దొరికే నీటికి సైతం వెల కట్టించిన ఈ విలాసాన్ని సెనెకా ఘాటుగానే నిందించాడు. నీరో చక్రవర్తి నీటిని కాచి, గాజుపాత్రలో పోసి మంచులో పెట్టించేవాడనీ, ఆ పద్ధతి అతడు కనిపెట్టినదేననీ ప్లీనీ వ్రాశాడు. క్రీ.శ. 68లో ప్రాణభయంతో పారిపోతూ అదే నీరో గుంటలోని నీటిని దోసిట పట్టి త్రాగి, తన కాచి చల్లార్చిన నీరు ఇదేనని వాపోయాడట. ఈ మాట సూటోనియస్ చెప్పినది.

మన దేశానికి వస్తే కథ మరింత రసవత్తరం. అక్బరు కొలువులో నీటిని చల్లబరచినది సురేకారం. దీనినే మనం పెట్లుప్పు అంటాం. తుపాకిమందులో మంట పుట్టించే పదార్థమే ఇక్కడ చలువకు పనికివచ్చిందని అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో ముచ్చటపడ్డాడు. పద్ధతినీ వివరించాడు. శేరు నీళ్ళు లోహపు కూజాలో పోసి మూతి బిగించాలి. వేరొక పాత్రలో అయిదు శేర్ల నీటిలో రెండున్నర శేర్ల సురేకారం వేసి, అందులో ఆ కూజాను పావుగంటసేపు త్రిప్పాలి. ఉప్పు కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. కూజాలోని నీరు చల్లబడుతుంది. ఆ ద్రావణాన్ని మళ్ళీ ఇగురబెడితే ఉప్పు తిరిగి చేతికి వస్తుంది. 1586లో కొలువు పంజాబుకు తరలిన తరువాత కొండలనుండి మంచు పడవలమీద, మనుషుల భుజాలమీద లాహోరు చేరసాగింది. వేసవిలో అందరూ వాడేవారట; ప్రభువులకైతే ఏడాది పొడవునా కావలసిందే.

ఈ విద్య తరువాత దొరల భోజనాల బల్ల దగ్గరకు చేరింది. నీటినీ, మద్యాన్నీ సురేకారంతో చల్లబరచే సేవకుణ్ణి ‘ఆబ్దారు’ అన్నారు. పారసీకంలో ‘ఆబ్’ అంటే నీరు. మన ఆబ్కారీ శాఖ పేరులో ఉన్నదీ ఆ నీరే! క్లారెట్ చల్లదనానికి మెప్పు ఇంటి దొరకు దక్కేది. చేయి లాగేలా కూజా త్రిప్పినవాడు ఆబ్దారు. ఒక్క చుక్క నోట వేసుకోకుండా, కూజా మీది చెమ్మనుబట్టి చలువ పాకం తెలుసుకోవలసిన పని అది. అటువంటి నేర్పును విద్య అనడానికి నాకు సంకోచం లేదు.

1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వర్తకుడు బోస్టన్‌నుండి ‘టస్కనీ’ అనే ఓడలో 180 టన్నుల మంచు కలకత్తాకు పంపాడు. నాలుగు నెలల ప్రయాణంలో కరిగినది కరగగా 100 టన్నులకు అటూ ఇటూగా మిగిలింది. నగరంలోని ఆంగ్లేయులు చందాలు వేసుకొని మంచుకొట్టు కట్టించారు. గవర్నరు జనరలు బెంటింక్ మంచు తెచ్చిన ప్రతినిధికి పాత్రను బహూకరించాడు. అడిగినంత మంచు దొరికాక సురేకారానికీ, దానితోపాటే ఆబ్దారు చేతికీ గిరాకీ తగ్గింది.

మద్రాసు సముద్రతీరంలో ట్యూడర్ మంచును నిలువ చేసిన కట్టడం 1842 నాటిది. మరయంత్రాలతో మంచు తయారుకావడం మొదలైన తరువాత అమెరికా మంచు అవసరం లేకపోయింది. కట్టడం చేతులు మారింది. 1897లో పాశ్చాత్యదేశాలనుండి తిరిగివచ్చిన వివేకానందస్వామి బస చేసినది అందులోనే. ఇప్పుడు దాని పేరు వివేకానందర్ ఇల్లం. చుట్టుప్రక్కల పేటను మాత్రం జనం ఐస్‌హౌస్ అనే పిలుస్తారు.