మూడో ఆడపిల్ల ఏ పద్దులో?

యూసుఫ్‌గూడ అంటే నగరంలో వాళ్లకు చెక్‌పోస్టు, పోలీసు బెటాలియన్ గుర్తుకొస్తాయి. మా లంబాడీలకు శిశువిహార్ గుర్తుకొస్తుంది.

1999లో ఒకసారి, 2001లో మరోసారి నల్లగొండ జిల్లా తండాల నుంచి ఆడశిశువులను కొని, దత్తత పేరుతో విదేశాలకు పంపుతున్న సంగతి బయటపడింది. దత్తత సంస్థల్లో దొరికిన పసివాళ్లను ప్రభుత్వం శిశువిహార్‌కు చేర్చింది. తల్లులే అమ్ముకున్నారన్న మాట ఊరూరా తిరిగింది. వాళ్లలో చాలామంది మూడో కాన్పులోనో నాలుగో కాన్పులోనో పుట్టిన ఆడపిల్లలు. ఆ యాడి తొమ్మిది నెలలు ఏం తిని మోసిందో అడిగినవాళ్లు తక్కువ.

పేదరికమనో, ఆడపిల్లనో, పిల్లలు ఎక్కువయ్యారనో బిడ్డను వదులుకోవడం చెల్లదని 2001లో ఉత్తర్వు వచ్చింది. మంచిదే. కానీ వద్దని చెప్పడానికి ఖజానాలో పైసా కదలనక్కర్లేదు. బిడ్డ తల్లిని విడిచి వచ్చాక ఉయ్యాలకు, పాలకు, ఆయాకు సర్కారు పద్దు ఉంది. తల్లి దగ్గరున్నప్పుడు ఏముంది?

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. ఐసీడీఎస్ 1975 అక్టోబర్ 2న మొదలైంది. పల్లెల్లో 1000 మందికి, గిరిజన ప్రాంతాల్లో 700 మందికి ఒక కేంద్రమని లెక్క. నలభై గడపల తండా ఈ లెక్కకు ఎక్కడ అందుతుంది? కేంద్రం పెద్ద ఊళ్లో ఉండేది. నిండు చూలాలు వాగు దాటి గుడ్డు కోసం పోవాలా? పోలేదు. ఆహార హక్కు కేసులో 2006 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాకే దారి మారింది. నలభై మంది పిల్లలున్న చోట అడిగితే మూడు నెలల్లో కేంద్రం పెట్టాలంది. దళిత, గిరిజన ఆవాసాలకు ముందు పెట్టాలంది. తర్వాత గిరిజన ప్రాంతాల్లో 150 మందికే మినీ అంగన్‌వాడీ అన్నారు. తండాకు కేంద్రం దయతో రాలేదు, తీర్పుతో వచ్చింది.

2015 జనవరిలో తెలంగాణ ఆరోగ్యలక్ష్మి తెచ్చింది. గర్భిణికి, బాలింతకు కేంద్రంలోనే ఒకపూట భోజనం, గుడ్డు, పాలు. ఎన్నో కాన్పు అని అడగని పథకం కాబట్టి దీన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి.

నగదు దగ్గరికి వచ్చేసరికి అడగడం మొదలవుతుంది. 2013 ఆహార భద్రతా చట్టం సర్కారీ కొలువుల్లో ఉన్నవాళ్లను మినహాయించి ప్రతి గర్భిణికీ, బాలింతకూ కనీసం 6000 రూపాయలు అన్నది. 2017లో వచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన యోజన దాన్ని 5000 చేసి, మొదటి బిడ్డకే అని గీత గీసింది. తర్వాత రెండో బిడ్డ ఆడపిల్లయితే 6000 అని కలిపారు. అదే 2017లో వచ్చిన కేసీఆర్ కిట్‌లో 12,000, ఆడపిల్లయితే 13,000 ఉండేది. అదీ రెండు కాన్పుల వరకే.

ఇద్దరు చాలన్న పాత మాటనే డబ్బుతో చెప్పడం ఇది. మూడో బిడ్డ పుట్టకుండా ఆపుతుందేమో గానీ, పుట్టిన బిడ్డకు ఆకలి ఆగదు. శిశువిహార్ ఉయ్యాలలోకి చేరిన ఆ పిల్లలు ఇప్పుడు పాతికేళ్ల వాళ్లు. వాళ్లలో ఎవరైనా మళ్లీ మూడో ఆడపిల్లను కంటే, మాతృ వందన దరఖాస్తులో ఆ కాన్పుకు గడి లేదు.