ఉప్పునీటి సేద్యంలో సేంద్రియ ఎరువు

లవణాలు ఎక్కువగా ఉన్న నీరు పారించే పొలాల్లో పైరుకు కలిగే నష్టాన్ని పశువుల ఎరువు, కంపోస్టు, పచ్చిరొట్ట వంటివాటితో తగ్గించే సాగు పద్ధతి ఇది. సేంద్రియ ఎరువు ఉప్పును మాయం చేయదు. నేలను గుల్లబరిచి, ఆ ఉప్పును నీరు వేళ్ల కిందికి కడిగేసేలా దారి చేస్తుంది. మురుగు పారుదల సరిగా ఉన్నచోటే ఇది నిలకడగా ఫలిస్తుందని ఈ పద్ధతి చరిత్ర చెబుతుంది.

నష్టం తీరు

మీటరుకు 1 డెసీసైమన్ విద్యుద్వాహకత ఉన్న నీటిలో లీటరుకు సుమారు 640 మిల్లీగ్రాముల లవణాలుంటాయి. ఆ నీటిని హెక్టారు పొలంలో 10 సెంటీమీటర్ల లోతున ఒక్క తడి పెడితే దాదాపు 640 కిలోల ఉప్పు చేరుతుంది. నీటిని పైరు తాగుతుంది, ఎండ ఆవిరి చేస్తుంది; ఉప్పు మాత్రం నేలలోనే మిగిలిపోతుంది. పైకి తెల్లగా పేరుకుంటే అది పాలచౌడు. సోడియం బంకమట్టి రేణువులను విడగొట్టి, నీరు ఇంకనీయకుండా నేలను బిగదీస్తే అది కారుచౌడు.

తొలి అనుభవాలు

దక్షిణ మెసొపొటేమియాలో క్రీ.పూ. 3500 ప్రాంతంలో గోధుమ, బార్లీ దాదాపు సమానంగా పండేవి. క్రీ.పూ. 1700 నాటికి గోధుమ సాగు దాదాపు కనుమరుగై, ఉప్పును తట్టుకునే బార్లీయే మిగిలింది. పురావస్తు ఆధారాలు, మట్టిపలకల లెక్కలను బట్టి 1958లో జాకబ్‌సెన్, ఆడమ్స్ ఈ మార్పుకు నేలలో పెరిగిన ఉప్పును ముఖ్య కారణంగా చూపారు.

భారతదేశంలో కాలువ సాగు విస్తరించాక ఇదే సమస్య తలెత్తింది. పశ్చిమ యమునా కాలువ ప్రాంతంలోని మునాక్ గ్రామస్థులు 1855లోనే చౌడు బెడద గురించి ఫిర్యాదు చేశారు. 1870ల చివర్లో ప్రభుత్వం దీనిపై ‘రేహ్ కమిటీ’ని (రేహ్ అంటే ఉత్తరాదిలో చౌడు) నియమించింది. కాలువ ఊటతో భూగర్భ జలమట్టం పైకి రావడం, మురుగు పోయే దారి లేకపోవడం సమస్యకు మూలమని క్రమంగా తేలింది.

కంపోస్టు శాస్త్రం

1924–1931 మధ్య ఇండోర్‌లో ఆల్బర్ట్ హోవార్డ్ పైరు వ్యర్థాలు, పేడ, పశువుల మూత్రంతో తడిసిన మట్టి, బూడిద పొరలుగా పేర్చి కంపోస్టు తయారుచేసే విధానాన్ని రూపొందించారు. ఆయన చౌడుకు మూలాన్ని నేలలో గాలి ఆడకపోవడంలో చూశారు. 1930ల్లో అలహాబాద్ రసాయన శాస్త్రవేత్త నీలరతన్ ధర్ చక్కెర మిల్లుల మొలాసిస్ వంటి సేంద్రియ పదార్థాలతో క్షార భూములను బాగుచేసే ప్రయోగాలు జరిపారు.

ఇందులోని రసాయనిక క్రమం ఇది. సేంద్రియ పదార్థం కుళ్లేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్ నీటిలో కలిసి ఆమ్లగుణాన్నిస్తుంది. నేలలో సున్నం ఉంటే అది కొంత కరిగి కాల్షియం విడుదలవుతుంది. కాల్షియం సోడియాన్ని మట్టి రేణువుల నుంచి తొలగిస్తుంది. సూక్ష్మజీవుల జిగురు రేణువులను కలిపి పట్టి నేలను పొడిపొడిగా చేస్తుంది. అప్పుడు తొలగిన సోడియం నీటితోపాటు కిందికి దిగిపోతుంది.

1954లో అమెరికా లవణీయతా ప్రయోగశాల వెలువరించిన 60వ కరదీపిక చౌడు భూముల వర్గీకరణకు కొలమానాలిచ్చింది. నేల సారపు విద్యుద్వాహకత మీటరుకు 4 డెసీసైమన్లకు మించితే లవణ భూమి (పాలచౌడు). మార్పిడి కాగల సోడియం 15 శాతం దాటితే క్షార భూమి (కారుచౌడు).

భారతదేశంలో, తెలుగు నేలలో

1969లో కర్నాల్‌లో కేంద్ర మృత్తిక లవణీయతా పరిశోధన సంస్థ ఏర్పడింది. అక్కడ స్థిరపడిన క్షార భూముల పునరుద్ధరణ విధానానికి కాల్షియం అందించే జిప్సం, వరి సాగు, పచ్చిరొట్ట ఆధారాలు. ఉప్పునీటి వినియోగంపై అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం 1972లో మొదలైనప్పుడు ఎంపికైన నాలుగు కేంద్రాల్లో బాపట్ల ఒకటి. తీరప్రాంతపు ఇసుక నేలల్లో ఉప్పునీటిపై తేలే పలుచని మంచినీటి పొరను తోడే దొరువు పద్ధతిని ఇక్కడ మెరుగుపరిచారు.

తెలుగు రైతులకు జీలుగ, పిల్లిపెసర, జనుము పరిచితమైన పచ్చిరొట్టలు. వీటిలో చౌడును బాగా తట్టుకునేది జీలుగ. పూత దశకు వచ్చాక దున్ని, నీరు నిలిపి మురగనిస్తే తర్వాతి వరికి నేల సిద్ధమవుతుంది. 2004 సునామీ తరువాత తమిళనాడు తీరంలో కూడా జీలుగను పొలాల పునరుద్ధరణకు వాడారు.

పరిమితులు

సరిగా మాగని కంపోస్టు వేళ్లకు హాని చేస్తుంది. కోళ్ల ఎరువులో, పట్టణ చెత్త కంపోస్టులో లవణాలే ఎక్కువగా ఉండవచ్చు కాబట్టి ముందు పరీక్ష చేయించాలి. వర్షం లేదా మంచినీరు కడగకపోతే, మురుగు కాలువ లేకపోతే ఉప్పు అక్కడే ఉండిపోతుంది. కారుచౌడు తీవ్రంగా ఉంటే జిప్సం తప్పదు. కనుక నీరు, మట్టి పరీక్ష, మురుగు పారుదల, అవసరమైతే జిప్సం, ఆపై సేంద్రియ ఎరువు అన్న వరుసలో పని జరగాలి. కంపోస్టు ఏటా కుళ్లి తరిగిపోతుంది. ఉప్పునీరు పారినంత కాలం దాన్నీ ఏటేటా వేస్తూనే ఉండాలి.